బియ్యంలో గజ్జెలు

కుక్కరు విజిల్ మీద విజిల్ వేస్తూనే ఉంది, ఈశ్వరికి వినపడటం లేదు. వంటింటి గట్టుకు ఆనుకొని, సెల్‌ఫోన్‌లో చదివిందే మళ్ళీ చదువుతోంది. పోయిన వారం ఆమెను మనం అక్కడే, ఆ నిలుచున్న పళంగానే వదిలి వచ్చాం.

ఆమె చదువుతున్నది ‘మబ్బుకోన’లో చెంగమ్మ అనే మనిషి ఆ పొద్దున రాసిన నాలుగు ముక్కలు. మబ్బుకోన ఏ మ్యాపులోనూ లేని ఊరు. చిత్తూరులో జెరాక్సు షాపు నడిపే మునిశేఖర్ ఫోన్ గ్రూపులో కట్టిన ఊరు. ఒక పాత సంస్థానం, దానికో కోట, ఒక సంత, ఒక ఏరు, ఏటి మీద పడవల రేవు. సత్యవేడు నుంచి మదనపల్లె దాకా, అటు చెన్నైలో ఉద్యోగాలు చేసుకునేవాళ్ళ దాకా, ఎక్కడెక్కడి వాళ్ళో అందులో చేరి తలా ఒక పాత్ర కట్టుకుంటారు. ఒకరు కోట కాపలావాడు, ఒకరు మంత్రసాని, ఒకరు ఎద్దుల బేరగాడు. ఎవరు ఏ మనిషైతే ఆ మనిషిగానే మాట్లాడాలి, ఆ మనిషిగానే తగువులాడాలి. ఒకరు ఒక మాట రాస్తే రెండోవాళ్ళు దానికి బదులు రాస్తారు. కథ అలా నడిచిపోతుంది.

ఆ ఊళ్ళోకి కొత్తగా ఎవరొచ్చినా ముందు వాకిలవ్వను దాటాలి. కోట గుమ్మంలో కర్ర పట్టుకొని కూర్చుని ఉండే ముసలిది వాకిలవ్వ. ఆ వాకిలవ్వగా రాసేది ఈశ్వరే. నగరిలో మగ్గాల చప్పుడు మధ్య పుట్టి, తిరుపతి కొర్లగుంటలో కోడలిగా మెట్టిన ఈశ్వరి.

"ఎవురు నువ్వు? యాడ్నుంచి వస్తా ఉండావు? ఏం దాచుకోనొచ్చినావు?"

వాకిలవ్వ అడిగేది ఇంతే. ఆ చివరి ప్రశ్న దగ్గరే సగం మంది బోర్లా పడతారు. మంత్రాల కత్తి దాచుకొచ్చానంటాడొకడు. రాజుగారి రక్తం నా ఒంట్లో ఉందంటుంది ఇంకొకతె. అలాంటివాళ్ళను ఈశ్వరి నిర్దాక్షిణ్యంగా వెనక్కి పంపుతుంది. "పోయి మనిషిని చేసుకోని రాపో నాయనా. ఒగ భయం లేదు, ఒగ తప్పు లేదు, వీనితో మేమేం మాట్లాడేది?" అంటుంది. పాత్ర అన్నాక దానికి నొప్పి ఉండాలి. నొప్పి లేనివాడు మాట్లాడితే వినేవాళ్ళు ఉండరు.

ఆమె పట్టుబట్టి పెట్టించిన నియమం ఒకటుంది. బతికున్న మనిషి బతుకును తెచ్చి పాత్ర చేయకూడదు. ఒకప్పుడు ఎవడో తన పక్కింటామె విడాకుల గొడవను తెచ్చి సంతలో పెడితే, ఆ పక్కింటామె కూడా అదే గ్రూపులో ఉండి, చదివి, వారం రోజులు అన్నం మానేసింది. అప్పుడు పెట్టిన నియమం అది.

చెంగమ్మ గుమ్మంలోకి వచ్చినప్పుడు మాత్రం ఈశ్వరికి ఏ అనుమానమూ రాలేదు. ఏం దాచుకొచ్చావంటే, "దాచింది తెచ్చుకోలేదవ్వా ఇంట్లోనే పెట్టి వచ్చినా మా ఇంట్లో కంచాలు గాల్లో ఎగరతాయి" అని రాసింది. ఒక కామా లేదు, ఒక చుక్క లేదు. ఆ ఒక్క మాటకే ఈశ్వరి తలుపు బార్లా తీసేసింది. ఇప్పుడు ఆ తీసిన చేతిని స్టవ్ మీద పెట్టాలని ఉంది ఆమెకు.

ఎందుకంటే ఈ పొద్దున చెంగమ్మ రాసింది ఇది:

"బిడ్డ కాళ్ళ గజ్జెలు ఇప్పినాను సప్పుడైతే ఇంట్లో లేస్తారని బియ్యంలో అడుక్కి తోసినాను పులుసన్నం మూట కట్టుకున్నాను పిల్లోడ్ని సంకనేసుకోని రేవుకి పోయినాను అదో పడవ వస్తా ఉండాది"

గజ్జెలు. బియ్యం. పులుసన్నం.

చాలా ఏళ్ళ కిందటి మాట. అప్పుడు ఈశ్వరి కూతురు తేజస్వినికి మూడేళ్ళు. సంగటిలో ఉప్పు ఎక్కువైందని మొగుడు దామోదరం విసిరిన కంచం గోడకు తగిలి, వెనక్కొచ్చి, బిడ్డ నుదుటిని చీల్చింది. "మగోడు ఇసిరితే ఇసిరినాడు, బిడ్డకి పసుపు పెట్టి నేల తుడుసుకో" అంది అత్త సుబ్బులమ్మ. మర్నాడు తెల్లారీ తెల్లారకముందే ఈశ్వరి బిడ్డ కాళ్ళ వెండి గజ్జెలు విప్పి, బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగున దాచి, రేణిగుంట స్టేషన్‌కి పోయింది. బెంచీ మీద చాలాసేపు కూర్చుంది. నగరి మీదుగా పోయే రైలొచ్చింది. మెట్టు మీద ఒక కాలు పెట్టింది కూడా. అప్పుడే పక్కింటి గంగులమ్మ ఫోన్ చేసింది. "మే ఈశ్వరీ, యాడున్నా రామ్మే! మీ అత్త వంటింట్లో పడిపోయింది, గుండె నొప్పంట!" ఈశ్వరి ఆ కాలు వెనక్కి తీసుకుంది. ఇంటికొచ్చి, తిరుచానూరు అమ్మవారి గుడికి పోయానని అబద్ధం చెప్పింది. నమ్మించడానికి దారిలో కుంకం పొట్లం కొనుక్కొచ్చింది.

ఆ సంగతి ఆమె కన్నతల్లికి చెప్పలేదు. బిడ్డకు చెప్పలేదు. మబ్బుకోనలో అంతమంది అంతన్ని కథలు చెప్పుకుంటుంటే, కట్టుకథలాగా మార్చి కూడా ఎన్నడూ రాయలేదు.

మరి చెంగమ్మకు ఎవరు చెప్పారు?

ఈశ్వరి స్టవ్ ఆపి, మునిశేఖర్‌కి ఫోన్ చేసింది.

"అక్కా! నేనే చేద్దామనుకుంటా ఉండాను," అన్నాడతను హుషారుగా. "చెంగమ్మ పడవ ఎక్కుతాదా ఎక్కదా అని పొద్దున్నుంచి జనం నా ప్రాణం తీస్తా ఉండారు. మా ఇంటామె అయితే సాంబారులో ఉప్పేసేది మర్సిపోయింది. ఏం మనిషిని పంపించినావక్కా లోపలికి!"

"ఆమెను తీసెయ్ శేఖరా."

"ఆ?"

"రూలు తప్పింది. బతికున్న మనిషి బతుకు అది."

"ఎవురిదక్కా?"

ఈశ్వరి గట్టు మీద పడిన బియ్యపు గింజను గోటితో నెట్టింది.

"ఎవురిదో సెప్పు, ఈ నిమిషంలో తీసేస్తా," అన్నాడు మునిశేఖర్. "ఊరికే తీసేస్తే జనం ఊరుకోరు కదా. ఎవురి బతుకో వాళ్ళు ముందుకొచ్చి ‘ఇది నాది’ అని అందరి ముందర సెప్పాల. అది కూడా నువ్వు పెట్టిందే. ఊరికే కక్షతో ఒగరినొగరు ఎళ్ళగొట్టుకోకుండా ఉండాలని నువ్వే అంటివి."

"నేనే అంటిని," అంది ఈశ్వరి పళ్ళ బిగువున.

"తీసే బొత్తాం నీ దగ్గరా ఉండాది కదక్కా. నొక్కు. కారణం మాత్రం రాయి."

ఫోన్ పెట్టేసింది. తాను కట్టిన గోడే తనకు అడ్డంగా నిలబడింది. చెంగమ్మ నోరు మూయించాలంటే, రేణిగుంట బెంచీ మీద కూర్చున్నది నేనే అని పదిమందిలో తాను ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే, సాయంత్రానికి చెంగమ్మ పడవ ఎక్కుతుందో మానుతుందో ఊరంతా చప్పరించుకుంటూ చదువుతుంది.

ఇది బయటివాళ్ళ పని కాదు. ఇంట్లోవాళ్ళదే. ఇంట్లో ఉన్నదెవరు? తేజస్విని మదనపల్లెలో హాస్టల్లో ఉంది, దానికి ఆ పొద్దు గుర్తుండే వయసు కాదు. అత్త గది తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల్నుంచి సన్నగా గొణుగుడు. తేజస్విని పోతూ పోతూ తన పాత ఫోన్ అవ్వకు ఇచ్చిపోయింది, గోవింద నామాలు వినమని. అప్పట్నుంచి పొద్దున, మధ్యాహ్నం ఆ గొణుగుడే.

ఇంక మిగిలింది దామోదరం. ఎప్పుడో కనిపెట్టి ఉంటాడు. కనిపెట్టి ఇన్నేళ్ళూ కడుపులో పెట్టుకొని, ఇప్పుడు తెచ్చి ఆమె గుమ్మంలోనే, ఆమె చేతనే తలుపు తీయించుకొని మరీ... పైగా ఎంత తెలివి! రైలును పడవ చేశాడు. ఆడబిడ్డను మగబిడ్డ చేశాడు. చుక్కలూ కామాలూ పెట్టే ఓపిక కూడా లేకపోయింది, అదీ ఆయన సోమరితనమే!

దామోదరం హాల్లో చాప మీద వెల్లకిలా పడుకొని ఫోన్ చూసుకుంటున్నాడు. కొండ బస్సుకు డ్రైవరు. డ్యూటీ లేని రోజు ఆయనకు నడుం నేల వదలదు.

"ఏమ్మే రాణీగారూ," అన్నాడు తల తిప్పకుండానే, "మీ కోటలో కూడు లేకపోయినా, ఈ ఇంట్లో మనుషులకి ఆకలైతాది. ఆ కుక్కరు కూసి కూసి దాని గొంతు కూడా పాయె."

"ఫోనియ్యి."

"ఏందీ?"

"నీ ఫోను. ఇట్లియ్యి."

"ఎవురితోనో మాట్లాడతాండాననా? ఈ వయసులో ఎవురొస్తార్మే నాకు?" అని నవ్వాడు. నవ్వుతుండగానే ఈశ్వరి వంగి ఆ ఫోన్ లాగేసుకుంది. అందులో ఘాట్ రోడ్డు మలుపు దగ్గర ఇరుక్కుపోయిన లారీ వీడియో నడుస్తోంది.

"చెంగమ్మ ఎవురు?"

"ఏ చెంగమ్మ? మా డిపోలో చెంగల్రాయుడని ఒగడుండాడు. వానికి మీసాలుండాయి."

"నాటకాలు సాలించు!" ఈశ్వరి గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "ఫోను పట్టుకుంటే రాణి అంటివి. రాస్తా ఉంటే పురాణం రాస్తాండావా అంటివి. నీ సుట్టాల ముందర, మా వాళ్ళ ముందర, పాలు పోసే ఆయప్ప ముందర ఎగతాళి చేస్తివి. పోనీలే, పొద్దంతా ఈ ఇంట్లో సచ్చే దానికి ఒగ గంట నాదనేది ఉండాది కదాని గమ్మునుంటిని. ఇప్పుడు ఆ గంటలోకి కూడా చెయ్యి పెడతావా? నేను ఏడ్సింది, నేను దాసింది తీసుకోనిపోయి ఊరందరికీ పప్పుబెల్లాల మాదిరి పంచిపెట్టేదానికి నువ్వెవురు?"

"ఏమ్మే, నీకేమన్నా పట్టిందా? నేనేం జేస్తిని?"

"ఏం జేసినావా? రేణిగుంట స్టేషన్లో బిడ్డను ఒళ్ళో పెట్టుకోని నేను కూర్సున్నది నీకెవురు సెప్పినారు? అది సెప్పు ముందు!"

దామోదరం లేచి కూర్చున్నాడు. నవ్వు పోయింది. ఆ స్థానంలో ఏ దొంగచూపూ కనబడలేదు. కనుబొమలు దగ్గరికి వచ్చాయి, అంతే.

"రేణిగుంట స్టేషన్లోనా?" అన్నాడు నెమ్మదిగా. "ఎప్పుడు?"

ఆయనకు తెలియదు. నిజంగానే తెలియదు. ఇన్నేళ్ళు కుంకం పొట్లం కింద దాచిన దాన్ని ఈశ్వరి కోపంలో తన చేత్తోనే తీసి ఆయన ఒళ్ళో పెట్టేసింది.

"అడుగుతా ఉండాను కదా, ఎప్పుడు? బిడ్డను ఎత్తుకోని యాడికి పోతా ఉంటివి?"

"పోతా ఉంటిని," అంది. తల దించుకోలేదు. "నువ్విసిరిన కంచం బిడ్డ నుదుటికి తగిలిన మర్నాడు. అది నీకు గురుతుండాదా, లేకపోతే అది కూడా నేనే రాసినానా?"

ఆ కంచం మాట ఆ ఇంట్లో ఆ రోజు తర్వాత ఎవరూ ఎత్తలేదు. దామోదరం చూపు నేల మీదికి పోయింది, మళ్ళీ కోపంతో పైకి లేచింది. ఆయన నోరు తెరిచే లోపల ఈశ్వరి కుడిచేతిలోని ఫోన్ వణికింది.

మబ్బుకోన. చెంగమ్మ.

దామోదరం ఫోన్ ఆమె ఎడమ చేతిలోనే ఉంది. అందులో లారీ ఇంకా మలుపు దగ్గరే ఇరుక్కుని ఉంది.

"పడవ ఎక్కలేదు వాకిలవ్వా ఎక్కబోతా ఉంటే పిల్లోడు నాయన కావాల నాయన కావాల అని గుక్కపట్టి ఏడ్సినాడు ఆ నాయన ఇసిరిన కంచం వాని సెవి పక్క నుంచే పోయింది అయినా వానికి ఆ నాయనే కావాల్సొచ్చినాడు తిరుక్కోని వచ్చేసినాను"

ఈశ్వరి రెండోసారి చదివింది. తేజస్విని ఆ పొద్దు నాయన కోసం ఏడవలేదు. మంచినీళ్ళు అడిగింది, తాగి నిద్రపోయింది. రైలు దగ్గర ఏడ్చింది తానొక్కతే. అంటే ఇది... ఇది నాది కాదే!

ఇంతసేపూ నాది, నాది అని అరిచిన మనిషికి ఇప్పుడు నిలబడటానికి చోటు లేకుండా పోయింది. ఇంకెవరో ఒకతె, ఇలాగే గజ్జెలు విప్పి, ఇలాగే బియ్యంలో చెయ్యి పెట్టి...

అత్త గదిలో గొణుగుడు మళ్ళీ మొదలైంది. ఈశ్వరి అటు నడిచింది. ఎందుకు నడుస్తోందో ఆమెకే తెలియదు. తలుపు దగ్గరికి వచ్చాక గొణుగుడు మాటలైంది. అందులో గోవిందుడు లేడు.

"...ఏండ్లు పోయినాయి. పిల్లోడు పెద్దోడైనాడు. వాని బిడ్డకీ అవే గజ్జెలు ఏసినాము..."

చేతిలో ఫోన్ వణికింది. ఇప్పుడే చెవిన పడిన మాటలు, చుక్కలూ కామాలూ లేకుండా, కళ్ళ ముందు నిలబడ్డాయి.

డెబ్బై దాటిన ఆ ముసలామె రాయడం లేదు. నోటితో చెబుతుంటే ఫోన్ రాసుకుంటోంది.

"...ఒగ పొద్దు బియ్యం కొలస్తా ఉంటే సేతికి తగిలినాయి. ఎవురు పెట్టినారో, యాడికి పోయినారో నాకు ఒగరు సెప్పాల్నా అవ్వా? నేను పెట్టిన సోటే కదా అది."

ఈశ్వరి తలుపు చెక్కను పట్టుకుంది. అత్తకు తెలుసు. ఆ పొద్దునే తెలుసు. కుంకం పొట్లం చేతికిస్తే కళ్ళకద్దుకొని బొట్టు పెట్టుకుందే, అప్పటికే తెలుసు. అత్త చెప్పింది తన బతుకే. అదే ఇల్లు, అవే గజ్జెలు, అలాగే ఎగిరిన కంచాలు. అప్పుడు విసిరింది మామ, తర్వాత విసిరింది ఆయన కొడుకు. ఆ ఇంటికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళకూ దాచుకోవడానికి దొరికింది ఆ బియ్యం ఒక్కటే. అంతా తెలిసిన మనిషి, అంతా పడిన మనిషి, నేల తుడుచుకో అంటుందా?

లోపల గొంతు ఇంకా తగ్గింది.

"అప్పుడు నేను వంటింట్లో నేల మీద పండుకోని గుండె నొప్పి, గుండె నొప్పి అని కేకలు పెట్టినాను. పక్కింటామె పరిగెత్తుకోనొచ్చింది. కోడలికి ఫోను చేసింది."

ఫోన్ వణికింది.

"నాకు ఏ నొప్పీ లేదు."

మళ్ళీ వణికింది. నాకు ఏ నొప్పీ లేదు. అక్షరాలు చిన్నవే. ఈశ్వరికి అవి గోడంత కనిపించాయి.

నెల రోజులు ఆ మనిషికి రాగిజావ కాచి గ్లాసు నోటికి అందించింది. కాళ్ళు పట్టింది. తాను పోబట్టే కదా ముసలామె ప్రాణం మీదికి వచ్చిందని ప్రతి శుక్రవారం తిరుచానూరు పోయి లెంపలేసుకుంది. ఆ అబద్ధపు గుడికి నిజంగా నడిచింది. సమయానికి వెనక్కి వచ్చానని ఎన్నేళ్ళు దేవుడికి దండం పెట్టుకుంది! ఆ దండాలన్నీ ఏ నొప్పీ లేని ఒక గుండెకి!

బొటనవేలు దానంతట అదే బొత్తాం మీదికి పోయింది. తీసేయాలా, అని అడిగింది ఫోన్. కారణం రాయమంది. రాయడానికి ఇప్పుడు ఆమె దగ్గర కారణాలు తక్కువ లేవు.

"ఎవురే లోపల?" దామోదరం వెనకే వచ్చాడు. "అమ్మ ఎవురితో మాట్లాడతాండాది? గుండె నొప్పి అంటాదేంది?" అని తలుపు మీద చెయ్యి వేయబోయాడు.

ఈశ్వరి తిరిగి, గుమ్మానికి అడ్డంగా చెయ్యి చాపింది.

"తియ్ సెయ్యి. నా తల్లిని నేను సూసుకునేదానికి నీ పర్మిషన్ కావాల్నా?"

"కావాల," అంది ఈశ్వరి. "ఈ వాకిట్లో కావాల. గమ్మున నిలబడు."

కొండ మలుపుల్లో బస్సు తిప్పే మనిషి, ఆ చెయ్యిని పక్కకు నెట్టడం ఎంతసేపు పని? కానీ నెట్టలేదు. ఆమె ముఖంలో ఏం చూశాడో, ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఫోన్ వణికింది. "ఎందుకట్ల పండుకున్నానో అది కూడా సెప్తాను వింటావా వాకిలవ్వా లేకపోతే ఎళ్ళగొడతావా నీ ఇష్టం"

ఈశ్వరి బొత్తాం మీద నుంచి వేలు తీసింది. కోపం ఇంకా పళ్ళ మధ్యే ఉంది. ఒక్క చేత్తో, ఒక్క మాట రాసింది.

"చెప్పు."

లోపల, తలుపుకి అవతల, పాత ఫోన్ చిన్నగా మోగింది. గొణుగుడు ఆగిపోయింది. మంచం కిర్రుమంది. తర్వాత సుబ్బులమ్మ గొంతు వినిపించింది. ఈసారి ఫోన్‌తో చెబుతున్న గొంతు కాదు అది. ఇల్లంతా వినపడేలా, రోజూ పిలిచే పిలుపే.

"ఈశ్వరీ! వాని ముందరే సెప్పాల్నామ్మే, తలుపేసి సెప్పాల్నా?"